మాట నోటిదాకా వచ్చి ఆగిపోతోంది, నాకూ అమ్మలాగే అవుతుందా?

ప్రశ్న: నా వయసు 47. జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం చెబుతాను. ఏడాదిగా నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తోంది. రాత్రిళ్లు ఒళ్లంతా చెమటలు పట్టి మెలకువ వస్తోంది. పాఠం మధ్యలో మాటలు దొరకడం లేదు. మొన్న ‘పత్రరంధ్రం’ అనే మాట కోసం బోర్డు ముందు అలాగే నిలబడిపోయాను. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను. మా అమ్మకు 74వ ఏట అల్జీమర్స్ అని తేలింది. దగ్గర్లోని డాక్టరు నరాల బలహీనత అని చెప్పి, రాత్రికి ఆల్‌ప్రజోలామ్, పగటికి బలం మాత్రలు రాశారు. మెదడు స్కానింగ్ తీయించుకోవాలా? హార్మోన్ మాత్రలు వాడితే జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందా? 41 ఏళ్ల మా చెల్లెలు కూడా ఇలాగే అంటోంది. దానికి 36వ ఏట గర్భసంచి తీసేశారు.

సమాధానం:

అమ్మా, మీరు చివర్లో మాటవరసకు రాసినట్టున్న వాక్యం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. మీ చెల్లెలి గురించి రాసిన వాక్యం అది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీ భయం సంగతి చూద్దాం.

మీరు రాసినదాన్ని బట్టి ఇది అల్జీమర్స్ ఆరంభంలా లేదు. పత్రరంధ్రం అనే మాట ఆ క్షణానికి దొరకలేదు. కానీ అది ఆకులో ఎక్కడుంటుందో, ఏం పని చేస్తుందో, దాని తర్వాత ఏ అంశం చెప్పాలో మీకు తెలుసు. బహుశా గంట తర్వాత స్టాఫ్ రూములో కూర్చున్నప్పుడు ఆ మాట దానంతటదే వచ్చి ఉంటుంది. పాలు పొంగిన వాసన రాగానే ‘అయ్యో, పొయ్యి మీద పెట్టానే’ అనుకుని ఉంటారు. అంటే సంగతి లోపల భద్రంగానే ఉంది, అవసరమైన క్షణంలో పైకి రావడం ఆలస్యమవుతోంది. అల్జీమర్స్‌లో అసలు సంగతి లోపల నమోదు కావడమే దెబ్బతింటుంది. పాలు పెట్టానన్న జ్ఞాపకమే ఉండదు, గుర్తు చేసినా ‘నేను పెట్టలేదు’ అంటారు. అడిగిన ప్రశ్ననే పది నిమిషాలకోసారి అడుగుతారు. తెలిసిన వీధిలో దారి తప్పుతారు. చిల్లర లెక్క చూసుకోలేరు. ఇంకో తేడా కూడా ఉంది. అల్జీమర్స్‌లో చాలాసార్లు మనిషికంటే ముందు ఇంట్లోవాళ్లు కంగారుపడి తీసుకొస్తారు. మీ విషయంలో కంగారు మీది, ఇంత వివరంగా రాసినదీ మీరే.

జ్ఞాపకశక్తి పరీక్ష ఎలా ఉంటుందో చెబితే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ‘రే పరీక్ష’ అని ఒకటుంది. గంట, కాఫీ, తోట, నది లాంటి 15 మామూలు మాటలు నెమ్మదిగా చదివి వినిపిస్తారు. గుర్తున్నవి చెప్పమంటారు. అదే జాబితాను ఐదుసార్లు వినిపిస్తారు. మొదటిసారి ఆరో ఏడో చెప్పినవాళ్లు ఐదోసారికి పన్నెండు పదమూడు దాకా వెళ్తారు. మధ్యలో వేరే జాబితా ఒకటి వినిపించి ధ్యాస మళ్లిస్తారు. అరగంట తర్వాత మొదటి జాబితా మళ్లీ అడుగుతారు. మీ వయసులో, మీ స్థితిలో ఉన్నవాళ్లు ఇక్కడ రెండు మూడు మాటలు జారవిడవడం మామూలే. వెంటనే ముఖం వాడిపోతుంది, ‘చూశారా డాక్టరుగారూ’ అంటారు. అప్పుడు ఒక పెద్ద జాబితా ఇచ్చి, ఇందులో ఇందాక విన్నవి ఏవో గుర్తుపట్టండి అంటే, పెన్ను ఆగకుండా గీసుకుంటూ పోతారు. మాట లోపల ఉందనడానికి అదే రుజువు. అల్జీమర్స్ ఉన్నవారికి ఆ జాబితా చేతికిచ్చినా ప్రయోజనం ఉండదు. విననివాటికి కూడా గీతలు పెడతారు.

ఇక ఇది ఎందుకు జరుగుతుంది అంటే, అండాశయాలు తయారుచేసే ఈస్ట్రోజన్ పని గర్భసంచితో అయిపోదు. జ్ఞాపకాలను నమోదు చేసే హిప్పోక్యాంపస్‌లోనూ, ధ్యాసను ఒకచోట నిలిపే నుదుటి వెనుక భాగంలోనూ దాన్ని అందుకునే గ్రాహకాలు ఉంటాయి. 1990లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్‌ఎవెన్ బృందం ఆడ ఎలుకల మెదళ్లను పరిశీలించింది. వాటి రుతుచక్రం నాలుగైదు రోజులే. ఆ కొద్ది రోజుల్లోనే, హార్మోన్ పెరిగి తగ్గేదాన్ని బట్టి హిప్పోక్యాంపస్‌లోని నాడీకణాల మీద ఉండే సన్నని ముళ్లలాంటి సంధి స్థానాలు సుమారు 30 శాతం వరకు పెరిగి తగ్గుతున్నాయని చూపించింది. మెదడు అంత త్వరగా మారగలదని అప్పటిదాకా చాలామంది నమ్మలేదు. మీ శరీరంలో ఇప్పుడు ఆ హార్మోన్ నిదానంగా తగ్గుతోందని అనుకోకండి. ఒక నెల అమాంతం పెరుగుతుంది, మరో నెల పాతాళానికి పడిపోతుంది. మెనోపాజ్ అని మనం అనేది 12 నెలలు వరుసగా నెలసరి రాకపోయాక పెట్టే పేరు. మన దేశంలో సగటున అది 46, 47 ఏళ్లకే వస్తుంది. పాశ్చాత్య దేశాల్లో 51 దగ్గర. దానికి ముందు నాలుగైదేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం, ఈ ఎగుడుదిగుడు సాగుతుంది. మీరున్నది అక్కడే.

ఈ దశలో స్త్రీలను ఏళ్ల తరబడి వెంబడించి చూసిన అధ్యయనాల్లో ముఖ్యమైనది అమెరికాలో 1996లో మొదలైన ‘స్వాన్’. ఆరంభంలో అడిగినప్పుడు, నెలసరి సక్రమంగా ఉన్నవారిలో 31 శాతం మతిమరుపు ఉందన్నారు. నెలసరి గాడి తప్పడం మొదలైనవారిలో 44 శాతం అన్నారు. చెప్పుకోవడం వేరు, కొలవడం వేరు కదా. అందుకని 2362 మందికి ఏడాదికేడాది పరీక్షలు పెట్టి, ఆ ఫలితాలను 2009లో ప్రచురించారు. చిన్న కథ చెప్పి తిరిగి చెప్పమనడం, గుర్తులకు అంకెలను వేగంగా జతపరచడం లాంటివి. ఒకే పరీక్ష మళ్లీ మళ్లీ రాస్తే ఎవరికైనా అలవాటు కొద్దీ మార్కులు పెరుగుతాయి. నెలసరి ఆగేముందు దశలో ఉన్నవారికి ఆ పెరుగుదల సరిగా రాలేదు. నెలసరి పూర్తిగా ఆగిపోయాక తిరిగి వచ్చింది. కొత్తది నేర్చుకునే వేగం ఈ దశలో మందగిస్తుంది, దశ దాటాక చాలామందిలో కోలుకుంటుంది. మీకు నేను ఇవ్వగలిగిన శుభవార్త అదే. అది ఓదార్పు కోసం చెబుతున్నది కాదు, కొలిచి చూసినది.

మార్కులు తగ్గినవారిలో కూడా ఎక్కువమంది ఆ వయసుకు మామూలు అనుకునే పరిధిలోనే ఉంటారు. మరి మీకెందుకు ఇంత తెలుస్తోంది? మాటలను గుర్తుపెట్టుకోవడంలో స్త్రీలు సగటున పురుషులకన్నా ముందుంటారు. ఆ ఆధిక్యం ఈ వయసులో కొంత కరుగుతుంది. రోజూ మాటలతోనే పనిచేసే అధ్యాపకురాలికి, నలభైమంది పిల్లల ముందు అది మొదటి రోజే తెలిసిపోతుంది.

ఇప్పుడు మీ నిద్ర గురించి. నన్నడిగితే మీ మతిమరుపులో పెద్ద వాటా దానిదే. అమెరికాలో పౌలీన్ మాకీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2008లో ఒక చిన్న అధ్యయనం చేశారు. స్త్రీల చర్మానికి పరికరాలు అమర్చి, ఆవిర్లు, అంటే ఒక్కసారిగా ఒళ్లు వేడెక్కి చెమట పట్టడం, ఎన్నిసార్లు వస్తున్నాయో యంత్రంతోనే లెక్కించారు. నోటితో చెప్పిన లెక్కకంటే యంత్రం పట్టుకున్న లెక్క చాలా ఎక్కువ. యంత్రం లెక్కలో ఆవిర్లు ఎక్కువగా ఉన్నవారికే కథను గుర్తుంచుకునే పరీక్షలో మార్కులు తగ్గాయి. నోటితో చెప్పిన లెక్కకు అలాంటి సంబంధం కనబడలేదు. మీకు తెలియకుండా వచ్చే ఆవిర్లు కూడా లెక్కలోకి వస్తాయన్నమాట. కాబట్టి చెమటలకు వైద్యం చేయడమంటే పరోక్షంగా మెదడుకు చేయడమే. మీ ఇంట్లోవాళ్లను ఒక మాట అడగండి: మీరు గురక పెడుతున్నారా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతోందా అని. ఈ వయసు దాటాక స్త్రీలలోనూ నిద్రలో శ్వాస ఆగే జబ్బు పెరుగుతుంది. మనవాళ్లు దాన్ని మగవాళ్ల జబ్బు అనుకుని వదిలేస్తారు.

మీకు రాసిన ఆల్‌ప్రజోలామ్ దగ్గరే నా అభ్యంతరం. నరాల బలహీనత అనే జబ్బు నేను చదివిన వైద్య పుస్తకాల్లో ఎక్కడా లేదు. కానీ చీటీల మీద మాత్రం రోజూ కనిపిస్తుంది. ఆల్‌ప్రజోలామ్ నిద్ర పట్టిస్తుంది, నిజమే. అయితే కొత్త సంగతులు జ్ఞాపకంలోకి ఎక్కకుండా చేయడం ఆ మందు స్వభావంలోనే ఉంది. మతిమరుపు అని వచ్చిన మనిషికి మతిమరుపు పెంచే మందు ఇచ్చినట్టయింది. అలా అని ఈ రాత్రే మానేయకండి. వారాల తరబడి వాడిన తర్వాత ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, గుండెదడ వస్తుంది, కొందరికి మూర్ఛ కూడా రావచ్చు. రాసిన డాక్టరుతోనో మరొకరితోనో మాట్లాడి మోతాదు మెల్లగా తగ్గించుకోవాలి.

నా దగ్గరికి ఇలాంటి బాధతో వచ్చేవాళ్లను ఇంట్లో ఉన్న మందుల సంచి మొత్తం తెమ్మంటాను. బల్ల మీద బోర్లిస్తే కథ సగం అక్కడే తెలుస్తుంది. జలుబుకని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. మెడనొప్పికో తలనొప్పికో ఎప్పుడో రాసిన అమిట్రిప్టిలిన్ రెండేళ్లుగా సాగుతుంటుంది. మూత్రం ఆగడం లేదని ఇచ్చిన ఆక్సీబ్యూటినిన్ ఉంటుంది. ఈ మూడూ మెదడులో జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకునేవే. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వాడుతుంటే బీ12 తగ్గుతుంది, దానివల్లా మతిమరుపు వస్తుంది. మీ సంచి కూడా ఒకసారి బోర్లించి చూడండి.

పరీక్షల విషయానికి వస్తే, మీరు అడిగిన మెదడు స్కానింగ్ ఇప్పుడు అవసరం లేదు. అందులో ఏదో చిన్న మచ్చ కనబడి, దాని గురించి ఆరు నెలలు దిగులుపడే ప్రమాదమే ఎక్కువ. చేయించవలసినవి చౌకైనవి: థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్‌తో కూడిన రక్తకణాల లెక్క, బీ12, మూడు నెలల సగటు చక్కెర. థైరాయిడ్ తగ్గడం, రక్తహీనత, బీ12 లోపం ఈ మూడూ మన ఆడవాళ్లలో ఎంత సర్వసాధారణమో మీకు తెలియనిది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రెండు మూడు నెలలకోసారి వచ్చే నెలసరిలో రక్తం ఎక్కువ పోతుంటే ఆ లోటు ఇంకా పెరుగుతుంది. అండాశయాలను పని చేయించే హార్మోన్‌ను కొలిచే ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్ష కూడా మీ వయసులో అక్కర్లేదు. ఈ నెల ఒక అంకె, వచ్చే నెల ఒక అంకె చూపిస్తుంది. మీ క్యాలెండరే దానికంటే నమ్మదగినది. బీపీ మాత్రం తప్పక చూపించుకోండి. మీ అమ్మగారి విషయంలో మీరు భయపడుతున్నారు కనుక చెబుతున్నాను: 74 ఏళ్లకు వచ్చిన అల్జీమర్స్ కూతురికి కొంత ముప్పు పెంచుతుంది, కానీ తప్పనిసరిగా రావాలని లేదు. ఆ ముప్పులో మీ చేతిలో ఉన్నవి నడివయసులో బీపీ, చక్కెర, కొలెస్ట్రాల్, వినికిడి. బలం మాత్రలకు, జ్ఞాపకశక్తి పొడులకు పెట్టే డబ్బు వీటి మీద పెట్టండి. జ్ఞాపకశక్తికని అమ్మే జింకో మాత్రలను అమెరికాలో 3000 మందికి పైగా వృద్ధులకు ఏళ్ల తరబడి ఇచ్చి చూశారు. డిమెన్షియాను, అంటే అల్జీమర్స్ లాంటి మతి క్షీణించే జబ్బులను, అది ఆపలేదని 2008లో తేలింది.

హార్మోన్ల ప్రశ్నకు జవాబు రెండు ముక్కలుగా చెప్పాలి. జ్ఞాపకశక్తి కోసమే అయితే వద్దు. 2003లో అమెరికాలో 65 ఏళ్లు దాటిన 4532 మంది స్త్రీలపై చేసిన పెద్ద పరీక్షలో, ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టరాన్ లాంటి మందు) కలిపి ఇచ్చినవారిలో డిమెన్షియా రెట్టింపయింది. ఆ వార్తతో ప్రపంచమంతా డాక్టర్లు హార్మోన్ అన్న మాటకే జడుసుకున్నారు. కానీ ఆ స్త్రీలకు నెలసరి ఆగి పదిహేనేళ్లో ఇరవై ఏళ్లో గడిచాయి. నెలసరి ఆగిన మూడేళ్ల లోపు స్త్రీలకు ఇచ్చి చూసిన ‘కీప్స్’ పరీక్ష ఫలితాలు 2015లో వచ్చాయి. నాలుగేళ్లు వాడితే జ్ఞాపకశక్తికి మేలూ జరగలేదు, కీడూ జరగలేదు.

రెండో ముక్క: మిమ్మల్ని రాత్రంతా లేపుతున్న చెమటలకు మాత్రం హార్మోన్లకు మించిన మందు లేదు. నిద్ర బాగుపడితే పగలు బాగుపడుతుంది. రొమ్ము క్యాన్సర్, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, పక్షవాతం, కారణం తెలియని రక్తస్రావం, కాలేయ జబ్బు లేనివారికి మీ వయసులో సాధారణంగా ఇవ్వవచ్చు. గర్భసంచి ఉంది కాబట్టి ఈస్ట్రోజన్‌తోపాటు ప్రొజెస్టరాన్ తప్పనిసరి, లేకపోతే లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయవచ్చు. చర్మానికి రాసుకునే జెల్ అయితే రక్తం గడ్డకట్టే భయం మాత్రలకంటే తక్కువ. నెలసరి ఇంకా పూర్తిగా ఆగలేదు కాబట్టి గర్భం వచ్చే అవకాశం ఉందన్న సంగతి కూడా మరవకండి. హార్మోన్లు వద్దనుకుంటే తక్కువ మోతాదులో వెన్లాఫాక్సిన్ లాంటి మందులు ఆవిర్లను తగ్గిస్తాయి. ఆవిర్ల బాధకు, నిద్రలేమికి కౌన్సెలింగ్ పద్ధతులు కూడా పనిచేస్తాయి. స్త్రీల వైద్యనిపుణురాలిని కలిసి, మీ చెమటల సంగతి ముందు చెప్పండి, మతిమరుపు సంగతి తర్వాత. క్రమం మారితే మీకు మళ్లీ బలం మాత్రలే వస్తాయి.

తరగతిలో ఇబ్బంది తాత్కాలికమే అయినా రేపు ఉదయం పాఠం చెప్పాలి కదా. పాఠం మొదలయ్యేముందు ఆరోజు పారిభాషిక పదాలన్నీ బోర్డు కుడి మూలన రాసి పెట్టండి. పిల్లలకు మంచి పద్ధతిలా కనిపిస్తుంది, మీకు ఊతంగా ఉంటుంది. పాలు పెట్టినప్పుడు ఫోనులో ఐదు నిమిషాల అలారం పెట్టండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఇక మీ చెల్లెలు. మీ ఇద్దరిలో ముందుగా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది ఆమె అని నా అభిప్రాయం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. ఆ తర్వాతి సర్వేలోనూ అంతే. తెల్లబట్ట, నడుంనొప్పి, ఎక్కువ రక్తస్రావం, చివరికి ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇక సంచి ఎందుకు, రేపు క్యాన్సర్ వస్తుంది’ అన్న ఒక్క మాట మీద ఆపరేషన్ బల్ల ఎక్కిన ముప్పై ఏళ్ల ఆడవాళ్లను నేను వందల్లో చూశాను. గర్భసంచి ఒక్కటే తీస్తే అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి. అయితే కొందరిలో రక్తప్రసరణ తగ్గి అవి కొన్నేళ్లు ముందుగానే ఆగిపోతాయి. నెలసరి ఎలాగూ రాదు కాబట్టి ఆగిన సంగతి తెలియదు. రెండు అండాశయాలూ కూడా తీసేసి ఉంటే, మీకు ఏళ్లు పట్టే మార్పు ఆమెకు 36వ ఏట రెండు రోజుల్లో జరిగిపోయి ఉంటుంది.

ఆ తేడా చిన్నది కాదు. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, సహజంగా నెలసరి ఆగే వయసుకు ముందే అండాశయాలు తీసేసినవారికి తర్వాతి జీవితంలో జ్ఞాపకశక్తి లోపం, డిమెన్షియా ముప్పు ఎక్కువగా కనిపించాయి. ఆపరేషన్ వయసు ఎంత చిన్నదైతే ముప్పు అంత పెద్దది. కనీసం 50వ ఏటిదాకా ఈస్ట్రోజన్ అందినవారిలో ఆ పెరుగుదల కనబడలేదు. 65 ఏళ్లవారికి హార్మోన్ ఇచ్చి చూసిన 2003 నాటి భయాన్ని 41 ఏళ్ల మనిషికి అంటగట్టకూడదు. అండాశయాలు లేని 41 ఏళ్ల స్త్రీకి ఇచ్చే హార్మోన్ కొత్తగా కలిపేది ఏమీ కాదు, ఆ వయసులో ఉండవలసిందే. అభ్యంతరపెట్టే జబ్బులు లేకపోతే 50 ఏళ్ల దాకా వాడమనే ఇప్పటి వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎముకలకు, గుండెకు కూడా అది కావాలి. గర్భసంచి లేదు కాబట్టి సాధారణంగా ఆమెకు ప్రొజెస్టరాన్ కూడా అక్కర్లేదు, ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోతుంది.

అండాశయాలు ఉన్నాయో లేదో చాలామందికి తెలియదు. ‘అంతా తీసేశారు’ అంటారు. అందుకని ముందు ఆమె ఆపరేషన్ కాగితాలు వెతికించండి. డిశ్చార్జి సమ్మరీలో ఆపరేషన్ పేరు పక్కన ‘బీ.ఎస్.ఓ.’ అనే మూడు అక్షరాలు ఉంటే రెండు అండాశయాలూ తీసేశారని అర్థం. ‘యూ.ఎస్.ఓ.’ అని ఉంటే ఒకటే తీశారు. సమ్మరీలో స్పష్టంగా లేకపోతే బయాప్సీ రిపోర్టు చూడండి. పరీక్షకు పంపిన భాగాలేమిటో అందులో మొదటి నాలుగు వరుసల్లోనే రాస్తారు. తీయించుకున్న కారణం కూడా అక్కడే తెలుస్తుంది, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం) లాంటిది ఉంటే హార్మోన్ ఎంపిక మారుతుంది. కాగితాలేవీ దొరక్కపోతే పొత్తికడుపు స్కానింగ్‌లో అండాశయాలు కనబడవచ్చు. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎస్ట్రాడయోల్ (ఈస్ట్రోజన్‌లో ముఖ్యమైన రకం) రక్తపరీక్షలు ఆమె విషయంలో నిజంగా పనికొస్తాయి. మీకు అక్కర్లేదన్న ఎఫ్‌ఎస్‌హెచ్ ఆమెకు కావాలి. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ కూడా ఒకటి చేయించండి. ఆ కాగితాలు, రిపోర్టులు పట్టుకుని మీరిద్దరూ ఒకే రోజు వెళ్లండి. ముందు ఆమె పేరు రాయించండి.